గేటు తీసేస్తే గేటు పని ఎవరిది? మిర్యాలగూడ లారీల టోల్ లెక్కలపై ఒక కేస్ స్టడీ

మిర్యాలగూడ రైసుమిల్లుల నుంచి బియ్యం, తవుడు మోసే లారీలు ముప్పై దాకా ఉన్న యజమాని ఒకాయన నన్ను పిలిపించారు. నెలనెలా ఫాస్టాగ్ ఖాతాలోంచి కోతపడుతున్న డబ్బుకూ, డ్రైవర్లు తెచ్చే ట్రిప్ షీట్లకూ పొంతన కుదరడం లేదన్నది ఆయన ఫిర్యాదు. గుమస్తా ఆ తేడాను విడిగా ఒక పద్దు కింద రాసి పెడుతున్నాడు. పద్దు ఏటికేడు పెరుగుతోంది. దానికి తోడు, ముందు ముందు టోల్‌గేట్లే ఉండవనీ, బండి ఆగకుండా వెళ్లిపోతుంటే డబ్బు దానంతటదే కోతపడుతుందనీ పత్రికల్లో చదివి ఆయనకు కొత్త బెంగ పట్టుకుంది. "గేటు ఉన్నప్పుడే లెక్క తేలడం లేదు. అది కూడా లేకపోతే ఎవరిని అడగాలి?" అన్నారు.

నేను నల్లగొండలో ఉంటూ లారీ యజమానులకు టోల్ లెక్కలు సరిచూసి పెడతాను. అంతకుముందు కొన్నేళ్లు టోల్ ప్లాజాల్లో లేన్ యంత్రాల పని చూశాను. ఆ అనుభవంతో, ఇది దొంగ కోతల కేసు కాకపోవచ్చని మొదట్లోనే అనుకున్నాను. కాగితాలు తిరగేసిన కొద్దీ అదే నిజమని తేలింది. తేడాల్లో ఎక్కువ వాటికి మూలం ఒకటే: ఆర్సీలో ఉన్నది ఒకటి, బండి ముందు రాసి ఉన్నది ఒకటి, ట్యాగ్‌లో నమోదైనది ఇంకొకటి. ఇన్నాళ్లూ ఈ మూడింటికీ ఎలాగోలా సర్దుబాటు చేసి బండిని పంపించింది గేటు దగ్గర నిలబడే కుర్రాడు. గేటు పోతే ఆ పని యజమాని నెత్తిన పడుతుంది. ఈ కేసులో మేం చేసిందల్లా ఆ పనిని ముందే చేసిపెట్టడం.

దారులు

మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ వెళ్లే లారీ ముందుగా అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద మాడ్గులపల్లి టోల్‌గేటు దాటుతుంది. అది రాష్ట్ర రహదారి. నార్కట్‌పల్లిలో 65వ నంబర్ జాతీయ రహదారి ఎక్కాక హైదరాబాద్ వైపు చౌటుప్పల్ దగ్గర పంతంగి గేటు, విజయవాడ వైపు కేతేపల్లి మండలంలో కొర్లపహాడ్ గేటు ఉంటాయి. బెంగళూరు లోడు అయితే పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, శంషాబాద్ దగ్గర దిగి, 44వ నంబర్ రహదారి మీద షాద్‌నగర్ దాటాక రాయికల్, అడ్డాకుల దగ్గర శాఖాపూర్, కర్నూలు చేరకముందు పుల్లూరు గేట్లు దాటాలి.

అంటే ఒక్క లోడుకు మూడు రకాల వసూళ్లు. రాష్ట్ర రహదారి లెక్క వేరు, జాతీయ రహదారి లెక్క వేరు. 158 కిలోమీటర్ల ఔటర్ మీద ఎక్కిన చోటు, దిగిన చోటు చూసి దూరాన్ని బట్టి తీసుకుంటారు. ఎక్కేటప్పుడు ట్యాగ్ చదవకపోతే ఎంత దూరం వచ్చారో దిగేచోట తేలదు. డ్రైవర్ మాత్రం మూడింటినీ కలిపి "టోల్" అని ఒకే గీత గీసి మొత్తం రాస్తాడు. గుమస్తాకు సగం తలనొప్పి అక్కడే మొదలైంది.

రేట్ల తేదీలు కూడా లెక్కను చెడగొట్టాయి. జాతీయ రహదారుల టోల్ రేట్లు మామూలుగా ఏటా ఏప్రిల్ 1న మారతాయి. 2024లో లోక్‌సభ ఎన్నికల వల్ల ఆ పెంపు జూన్ 3న అమల్లోకి వచ్చింది. గుమస్తా తన పట్టికలో ఏప్రిల్ నుంచే కొత్త రేటు వేసుకున్నాడు. ఆ రెండు నెలల "తేడా" అంతా ఉత్తుత్తిదే. దాన్ని తీసేశాకే అసలు పని మొదలైంది.

గేటు దగ్గర జరిగేది

ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. అద్దానికి అంటించిన ఆ కాగితంలో చిన్న చిప్పు, సన్నని యాంటెన్నా మాత్రమే ఉంటాయి. లేన్ పైనున్న రీడరు 865–867 మెగాహెర్ట్జ్ తరంగాలు పంపితే, ఆ శక్తితోనే చిప్పు మేలుకొని తన నంబరు తిప్పి పంపుతుంది. ఇంకోపక్క సెన్సర్లు బండికి ఇరుసులెన్నో లెక్కపెడతాయి. నిల్వ లేని ట్యాగ్‌లు, బ్యాంకు ఆపేసిన ట్యాగ్‌ల జాబితా లేన్ కంప్యూటర్ దగ్గర ముందే ఉంటుంది. అందులో ఈ నంబరు లేకపోతే గేటు లేస్తుంది. ఖాతాలో కోత ఆ తర్వాతి సంగతి. ప్లాజా బ్యాంకు నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు, అక్కడి నుంచి ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు కబురు వెళ్లి డబ్బు కోతపడుతుంది.

సాఫీగా నడిస్తే ఇంతే. నడవనప్పుడే గేటు కుర్రాడి అవసరం. ట్యాగ్ పలకకపోతే చేతి రీడరు పట్టుకొని లారీ ముందుకు వస్తాడు, బంపర్ ఎక్కి అద్దం దాకా చెయ్యి చాపుతాడు. అప్పటికీ పలకకపోతే నంబరు టైపు చేయిస్తాడు. ఇరుసుల లెక్క తేడా వస్తే క్యాబిన్‌లో ఉన్న ఆపరేటర్ తల బయటపెట్టి కళ్లతో చూసి సరిచేస్తాడు, లేదా రద్దీలో ఉంటే వదిలేస్తాడు. నిల్వ లేకపోతే డ్రైవర్ యజమానికి ఫోను చేస్తాడు. నిల్వ వేసినా అప్పటికప్పుడు పనికిరాకపోవచ్చు, ఎందుకంటే గేటుకు గంటకు పైగా ముందు నుంచీ నిలిపివేత జాబితాలో ఉండి, చదివిన తర్వాత పది నిమిషాలకూ అలాగే ఉంటే ఆ చెల్లింపు తిరస్కారమవుతుంది. 2025 ఫిబ్రవరి 17 నుంచి ఈ నియమం ఉంది. 2025 నవంబర్ 15 నాటి నియమం ప్రకారం ట్యాగ్ పనిచేయని బండి నగదు ఇస్తే రెట్టింపు కట్టాలి. యూపీఐ ద్వారా కడితే ఒకటింపావు వంతుతో సరిపోతుంది.

ఈ సర్దుబాట్లన్నిటికీ లారీ ఆగి ఉండటమే ఆధారం. డ్రైవర్‌తో మాట్లాడవచ్చు, వెనక్కి తీయించవచ్చు, ఆర్సీ చూపించమనవచ్చు. వెనకున్న బండ్లు హారన్ కొడుతుంటే చూసీచూడనట్టు పంపేయనూవచ్చు. తప్పుడు నమోదులున్న బండి ఏళ్ల తరబడి రోడ్డు మీద ఏ అడ్డూ లేకుండా తిరుగుతుందంటే ఆ చివరి వెసులుబాటు వల్లే.

గేటు లేకపోతే

గేటులేని పద్ధతిలో రోడ్డుకు అడ్డంగా గ్యాంట్రీ అనే ఇనుప కమాను ఉంటుంది. దాని మీద ఒక్కో వరుసకు ట్యాగ్ రీడర్లు, బండి ముందు వెనకల నంబర్ ప్లేట్లను పగలూ రాత్రీ ఫొటో తీసే కెమెరాలు, లేజరు కిరణాలతో బండి ఎత్తు, పొడవు, ఆకారం కొలిచే పరికరాలు అమర్చుతారు. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. రీడరు పరిధి అయిదారు మీటర్లనుకుంటే చిప్పుకు దొరికేది సెకనులో అయిదో వంతు. ట్యాగ్ సరైన చోట ఉంటే ఆ మాత్రం సమయం చాలు. కష్టం చదవడంలో లేదు, జతపరచడంలో ఉంది. ఈ ట్యాగ్, ఈ ఫొటో, ఈ ఆకారం ఒకే బండివి అని యంత్రం తేల్చుకోవాలి. రెండు వరుసల మధ్య గీత మీద నడిచే లారీ, దాని వెనకే అంటుకొని వచ్చే కారు, పక్కపక్కనే దూసుకెళ్లే రెండు బండ్లు దానికి చిక్కుముళ్లు. ట్యాగ్ దొరకకపోతే మిగిలే ఆధారం నంబర్ ప్లేటు ఒక్కటే.

ఇది లోకంలో కొత్త సంగతేమీ కాదు. కెనడాలో టొరంటో దగ్గరి 407 రహదారి 1997లోనే గేట్లు లేకుండా మొదలైంది. అక్కడ ట్రాన్స్‌పాండర్ (ట్యాగ్ లాంటి పరికరం) లేని బండికి ప్లేటు ఫొటో చూసి ఇంటికి బిల్లు పంపుతారు, కట్టని వారికి ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్లేటు రెన్యువల్ ఆపేస్తుంది. తైవాన్ 2013 చివర్లో తన ఎక్స్‌ప్రెస్‌వేల మీది గేట్లన్నీ తీసేసింది. అక్కడ వాడేది కూడా మన ఫాస్టాగ్ లాంటి బ్యాటరీ లేని స్టిక్కరే కాబట్టి మనకు దగ్గరి పోలిక అదే. మన దేశంలో 2025 ఆగస్టులో గుజరాత్‌లోని చోర్యాసి ప్లాజాకు ఇలాంటి మొదటి కాంట్రాక్టు కుదిరింది. దానితోపాటు హర్యానాలోని ఘరౌండాను కూడా ఎంచుకున్నారు. ఘరౌండా ఉన్నది మన జడ్చర్ల మీదుగా వెళ్లే 44వ నంబర్ రహదారి మీదే.

యజమానిని నిజంగా కదిలించిన విషయం వేరొకటి. 2026 జనవరిలో కేంద్రం మోటారు వాహన నియమాలను సవరించింది. కట్టని టోల్ బాకీ ఉన్న బండికి యాజమాన్య మార్పిడికి కావలసిన నిరభ్యంతర పత్రం, ఫిట్‌నెస్ రెన్యువల్, నేషనల్ పర్మిట్ ఆగిపోయేలా అందులో ఏర్పాటు చేసింది. కారున్న వాడికి ఇది ఎప్పుడో బండి అమ్ముకునేటప్పుడు వచ్చే చికాకు. లారీకి ఫిట్‌నెస్ తప్పనిసరి, అది లేని రోజు బండి కదలదు. పంతంగి దగ్గర చదవని ఒక ప్లేటు వల్ల వరి కోతల సీజనులో లారీ మిల్లు ముందు పడి ఉండే పరిస్థితి రావచ్చని వివరించాక, మిగతా పనికి ఆయన అడ్డు చెప్పలేదు.

మేం చూసినవి

ప్రతి లారీకి ఒక పేజీ పెట్టి అయిదు గడులు గీశాం: ఆర్సీ నంబరు, బండి మీద కనిపించే నంబరు, ట్యాగ్ ఏ నంబరుకు ఇచ్చారు, ట్యాగ్‌లో బండి తరగతి (ఇరుసులను బట్టి రేటు తేల్చే రకం), వాహన్ అనే రవాణా శాఖ ఆన్‌లైన్ రికార్డులో ఉన్న ఫోను నంబరు. పని ఇంత సాదాగా ఉందని చెబితే కొందరు కన్సల్టెంట్లకు నచ్చదు. అయితే ఈ కేసులో పనికొచ్చినదంతా ఆ అయిదు గడుల నుంచే వచ్చింది.

నంబర్ ప్లేట్లతో మొదలుపెడతాను. ఈ యజమాని దగ్గర మూడు తరాల నంబర్లున్నాయి. నల్లగొండ జిల్లాకు ఉమ్మడి రాష్ట్రం నాటి ఏపీ 24, 2014 తర్వాతి టీఎస్ 05, 2024 మార్చి నుంచి వస్తున్న టీజీ 05. పాత బండ్ల నంబరు మారదు, టీఎస్ అయితే టీఎస్‌గానే కొనసాగాలి. అయినా బాడీ షెడ్డులో రంగు వేయించినప్పుడు పెయింటర్ అభిమానం కొద్దీ కొన్ని లారీలకు టీఎస్ చెరిపి టీజీ రాశాడు. డ్రైవర్లూ మెచ్చుకున్నారు. గేటు దగ్గర ట్యాగ్ పలుకుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. గేటు లేని చోట ట్యాగ్ తప్పిపోయిందంటే కెమెరా చదివే ఆ టీజీ నంబరు రికార్డుల్లో ఉండకపోవచ్చు, లేదా వేరెవరి బండిదో కావచ్చు. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే మన బాకీ ఇంకొకరికి పోతుంది, ఆయన ఫిర్యాదు చేస్తే మన ప్లేటు తారుమారు చేసినట్టు లెక్క.

హై సెక్యూరిటీ ప్లేట్లు 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లకు షోరూములోనే వస్తున్నాయి. అంతకుముందు కొన్న లారీలకు చేత్తో రాసిన ప్లేట్లే. వంకర తిప్పిన అంకెలు, చుట్టూ తీగలు, పక్కనే అమ్మవారి పేరు. అందంగానే ఉంటాయి, కెమెరాకు మాత్రం ఏ గీత అంకెదో ఏది అలంకారమో తెలియదు. వెనక ప్లేటు పరిస్థితి ఇంకా అన్యాయం. టార్పాలిన్ అంచు వేలాడుతుంది, తాళ్లు అడ్డం వస్తాయి, తవుడు లోడు దించిన బండికి ప్లేటంతా దుమ్ము పేరుకుంటుంది.

దీన్ని పరీక్షించడానికి ఖర్చేమీ పెట్టలేదు. మిల్లు వేబ్రిడ్జి దగ్గర తూకం వేసేటప్పుడు బండి ముందు వెనకల ఫొటోలు ఎలాగూ తీస్తారు. ఆ పాత ఫొటోలు తీసి, లారీలతో పరిచయం లేని ఒక అబ్బాయిని కూర్చోబెట్టి నంబర్లు చదివి రాయమన్నాం. ఆగి ఉన్న బండి ఫొటోలో మనిషి కన్ను చదవలేని ప్లేటును పరుగెత్తే బండి ఫొటోలో యంత్రం చదువుతుందని ఆశపడటం అనవసరం. యంత్రం తేల్చుకోలేని ఫొటోలు చివరికి ఏదో గదిలో కూర్చున్న మనిషి ముందుకే వస్తాయి, అతనూ చదవాలి. ముందు ప్లేట్లు చాలావరకు గట్టెక్కాయి. రాత్రిపూట తీసిన వెనక ప్లేట్ల ఫొటోల దగ్గర ఆ అబ్బాయి చేతులెత్తేశాడు.

తర్వాత తరగతి. పెట్రోలు బంకుల దగ్గర గొడుగు కింద కూర్చొని ట్యాగ్‌లు అమ్మేవారు హడావిడిలో మూడిరుసుల లారీని రెండిరుసులదిగా నమోదు చేసిన సందర్భాలున్నాయి. గేటు దగ్గర సెన్సరు మూడు లెక్కపెట్టింది, ట్యాగ్ రెండని చెప్పింది. ఒకచోట తక్కువ రేటు కోతపడింది, మరోచోట తర్వాత ఫొటో ఆధారంతో తేడా సొమ్ము మళ్లీ కోసుకున్నారు. ట్రిప్ షీట్‌లో ఒకసారి దాటిన గేటు ఖాతాలో రెండుసార్లు కనిపించడానికి ప్రధాన కారణం ఇదే. యజమాని వీటిని డబుల్ కోతలనుకొని ఏడాదిగా బ్యాంకును తిడుతున్నారు. ఎత్తిపెట్టే ఇరుసున్న బండ్లతో ఇంకో తిరకాసు. రోడ్డులో పాతిన, చక్రం నొక్కితేనే లెక్కపెట్టే సెన్సరుకు గాలిలో ఉన్న ఇరుసు తగలదు. పక్క నుంచి ఆకారం చూసే లేజరుకు అది కనిపిస్తుంది. ఒకే లారీ ఒకే రోజు ఒక గేటు దగ్గర ఒక తరగతి, ఇంకో గేటు దగ్గర మరో తరగతి అయిందంటే ఇద్దరిలో ఒకరు మోసం చేస్తున్నట్టు కాదు, రెండు చోట్లా పరికరాలు వేరు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఫోను నంబర్ల గడి. వాహన్ రికార్డులో యజమాని నంబరు ఉన్న లారీలు సగం కూడా లేవు. బండి రిజిస్ట్రేషన్ రోజున రవాణా కార్యాలయం బయట పనులు చేయించే ఏజెంటు తన నంబరే రాసేశాడు. ఓటీపీ తన ఫోనుకు వస్తే పని తొందరగా అవుతుందని. కొన్ని ట్యాగ్‌లు ఎప్పుడో మానేసిన డ్రైవర్ల ఫోన్ల మీద ఉన్నాయి. టోల్ కోతపడిన కబురు మూడేళ్ల క్రితం ఖమ్మం వెళ్లి స్థిరపడిన మనిషికి వెళ్తోంది. ఆయన పాపం ఆ సందేశాలు చూసి చూసి చివరికి నంబరును బ్లాక్ చేశారట. గేటున్న కాలంలో దీనివల్ల నష్టం పెద్దగా లేదు, ఎందుకంటే బాకీ ఉంటే గేటే చెబుతుంది. గేటులేని చోట చెప్పేది నోటీసు ఒక్కటే, అది వెళ్లేది రికార్డులో ఉన్న నంబరుకే.

ట్యాగ్ అంటించే చోటు సంగతి తొందరగా ముగిస్తాను. ట్యాగ్ ఉండాల్సింది అద్దం లోపల, పైభాగాన, మధ్యలో. మన లారీల్లో ఆ చోటు దేవుడి ఫొటోలకు, రంగురంగుల కుచ్చులకు, పేరు రాసిన పట్టీకి పోతుంది. ట్యాగ్ కింద మూలకు చేరుతుంది. కొందరు డ్రైవర్లు అంటించకుండా డ్యాష్‌బోర్డు మీద పెట్టుకొని గేటు రాగానే చేత్తో చూపిస్తారు. చేత్తో చూపించే ట్యాగ్‌లను నిలిపివేస్తామని 2025లోనే జాతీయ రహదారుల సంస్థ ప్రకటించింది. కమాను కింద చేత్తో చూపించడానికి డ్రైవర్‌కు వ్యవధి కూడా ఉండదు.

రాయితీలు

ఇక డబ్బు నిజంగా పోయిన చోటు. జాతీయ రహదారి నియమాల ప్రకారం 24 గంటల్లో తిరిగివస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లు కడితే చాలు. అంటే తిరుగుదారిలో సగమే కోతపడాలి. పొద్దున హైదరాబాద్‌లో బియ్యం దించి రాత్రికి మిర్యాలగూడ చేరే లారీలకు ఇది పెద్ద మొత్తమే. వెళ్లేటప్పుడు ట్యాగ్ పలకక డ్రైవర్ నగదు కట్టిన రోజుల్లో, తిరుగుదారిలో ట్యాగ్ పలికినా వ్యవస్థకు అది కొత్త ప్రయాణమే. పూర్తి రేటు కోతపడింది. డ్రైవర్ బత్తాలోంచి కట్టిన రెట్టింపు నగదు దీనికి అదనం. కింద మూలకు అంటించిన ట్యాగ్ ఖరీదు ఇదన్నమాట.

రెండోది జిల్లా రాయితీ. ప్లాజా ఉన్న జిల్లాలో రిజిస్టరై, నేషనల్ పర్మిట్ లేని వాణిజ్య వాహనాలకు సగం రేటు అని 2008 నాటి టోల్ నియమాల్లో ఉంది. సర్వీసు రోడ్డో ప్రత్యామ్నాయ రోడ్డో ఉంటే ఇవ్వనక్కరలేదన్న మినహాయింపు కూడా ఉంది. ప్లాజా బోర్డుల మీద దీనికి వేరే గడి ఉంటుంది, ఎవరూ చదవరు. మన దగ్గర దీనికి 2016 అక్టోబర్ 11 నాటి జిల్లాల విభజన తోడైంది. కొర్లపహాడ్ ఉన్న కేతేపల్లి నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. పంతంగి ఉన్న చౌటుప్పల్ యాదాద్రి భువనగిరిలోకి వెళ్లింది, అక్కడి రిజిస్ట్రేషన్ నంబరు 30. అంటే టీఎస్ 05 లారీ కొర్లపహాడ్‌లో సొంత జిల్లాది, పంతంగిలో పొరుగుది. మరి విభజనకు ముందు నల్లగొండలో రిజిస్టరైన ఏపీ 24 బండి పంతంగిలో ఏ జిల్లాది? యజమాని ఇల్లు మిర్యాలగూడ, రిజిస్టరైన నాటికి చౌటుప్పల్ అదే జిల్లా. గేటు దగ్గర దీన్ని ఆర్సీ చూపించి వాదించవచ్చు. కమానుతో ఎవరు వాదిస్తారు? ప్లేటులోని అంకెను బట్టి ఎవరో ముందే రాసిపెట్టిన సూత్రమే తీర్పు చెబుతుంది. ఆ సూత్రం రాసేవారికి తెలంగాణ జిల్లాల చరిత్ర తెలిసి ఉండాలని కోరుకోవడం మినహా చేయగలిగిందేమీ లేదు.

చేసిన మార్పులు

మొదట ప్లేట్లు. టీజీ రాసినవాటిని తిరిగి టీఎస్ చేయించి, పాత లారీలన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేట్లకు దరఖాస్తు పెట్టించాం. వెనక ప్లేటును టార్పాలిన్ అంచుకు కిందగా, దీపం వెలుగు పడేచోటికి దించారు. లోడు దించాక ప్లేటు తుడవడం క్లీనర్ పనుల్లో చేర్చారు. తర్వాత ట్యాగ్‌లు. దేవుడి ఫొటోను పక్కకు జరపడానికి ఒకరిద్దరు డ్రైవర్లు ఒప్పుకోలేదు. ట్యాగ్‌ను ఫొటో పక్కనే, కుచ్చులు తగలనంత పైన అంటించి సర్దుకున్నాం. తరగతి తప్పున్న ట్యాగ్‌లను మూసి కొత్తవి తీసుకోవాల్సి వచ్చింది. పాత ట్యాగ్‌ల డిపాజిట్లు తిరిగి రావడానికి చాలాకాలం పట్టింది. వాహన్‌లో ఫోను నంబరు మార్చడం ఇంట్లో కూర్చొని చేసుకోగలిగిన పనే, అయితే ఆర్సీలో పేరు, ఆధార్‌లో పేరు ఒకలా ఉంటేనే. తండ్రి పేరు మీదున్న లారీల విషయంలో రవాణా కార్యాలయం మెట్లెక్కక తప్పలేదు.

ఖాతాల విషయంలో యజమానికీ నాకూ మాట కుదరలేదు. ఆయన అన్ని ట్యాగ్‌లనూ ఒకే ఉమ్మడి ఖాతా కిందికి తేవాలన్నారు. గుమస్తాకు సులువు, నిజమే. కాకపోతే ఉమ్మడి ఖాతా అడుగంటిన రోజున అన్ని లారీలూ ఒకేసారి నిలిపివేత జాబితాలోకి పోతాయి. గేటుంటే మొదటి లారీ ఆగిన చోట మనకు తెలుస్తుంది. గేటులేని దారిలో ఎవరూ ఆగరు, రాత్రంతా లారీలు పరుగెత్తుతూనే ఉంటాయి, తెల్లారేసరికి నోటీసులు వరుస కడతాయి. నేను మూడు ఖాతాలుగా విడదీయమన్నాను. చివరికి రెండయ్యాయి: బెంగళూరు, కాకినాడ వంటి దూరపు లోడ్ల బండ్లకు ఒకటి, హైదరాబాద్ తిరిగే బండ్లకు ఒకటి. నిల్వ ఒక హద్దుకు దిగగానే గుమస్తాకూ, యజమాని కొడుకుకూ కబురు వచ్చేలా పెట్టాం.

డ్రైవర్లకు చెప్పడం మాత్రం తేలిక కాలేదు. గేట్లుండవంటే అందరూ సంతోషిస్తారనుకున్నాం. లోడు లారీని ఆపి మళ్లీ మొదటి గేరులో కదిలించడానికి పోయే డీజిలు, క్లచ్ అరుగుదల వారికి తెలుసు. సంక్రాంతికి పంతంగి దగ్గర కార్ల బారులు చూసి చిట్యాల దాబాల్లో మంచం మీద పడుకొని రద్దీ తగ్గేదాకా ఎదురుచూసే వారే వాళ్లంతా. అయినా ఒక పెద్ద డ్రైవర్ అన్న మాట నాకు సబబుగా తోచింది. "ఇప్పుడు తప్పు ఎవరిదో అక్కడికక్కడే తేలుతుంది సార్. రేపు నెల తర్వాత కాగితం వస్తే, ఆ రోజు బండి నడిపింది నువ్వే కదా అని సేటు నా బత్తాలో కోస్తారు." దాంతో ట్రిప్ షీట్ మార్చాం. ప్రతి గేటుకూ ఒక వరుస, దాటిన సమయం, ట్యాగ్ పలికిందా లేదా. పలకలేదని డ్రైవర్ ఆ రోజే రాస్తే తర్వాత వచ్చే బాకీ అతని మీద వేయకూడదని యజమాని చేత ఒప్పించాం.

ఫలితం విషయానికి వస్తే, రెండుసార్లు కోతపడిన కేసులు తరగతి సరిచేసిన ట్యాగ్‌ల మీద మళ్లీ రాలేదు. తిరుగుదారి సగం రేటు హైదరాబాద్ బండ్లకు సక్రమంగా పడుతోంది. పాత కోతల్లో ఆధారాలున్నవాటికి బ్యాంకు ద్వారా ఫిర్యాదు చేస్తే కొన్ని తిరిగి వచ్చాయి, గడువు దాటినవి పోయినట్టే. ఈ పని సాగినంతకాలం మా దారుల్లో అన్నిచోట్లా గేట్లున్నాయి కాబట్టి, కమాను కింద ఈ లారీలు ఎలా గట్టెక్కుతాయన్నది ఇంకా చూడాల్సిన విషయం. రాత్రిపూట వెనక ప్లేటు మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. అందుకే మిల్లు వేబ్రిడ్జి ఫొటోలను నెలకోసారి మళ్లీ చదివిస్తున్నాం, చదవలేని బండిని మరుసటి లోడుకు ముందే షెడ్డుకు పంపిస్తున్నారు.

జిల్లా రాయితీ తేలలేదు. నేషనల్ పర్మిట్ లేని లారీల ఆర్సీ నకళ్లు జతచేసి కొర్లపహాడ్, పంతంగి రెండుచోట్లా వేర్వేరుగా అర్జీలిచ్చాం. ఏపీ 24 బండ్లకు జిల్లాల విభజన ఉత్తర్వు నకలు కూడా పెట్టాం. జవాబు వచ్చేదాకా ఆ బండ్లు దాటిన ప్రతిసారీ కోతపడిన మొత్తం, పడాల్సిన మొత్తం పక్కపక్కన రాసి ఉంచమని గుమస్తాకు చెప్పాను.